మౌనవ్రతం పట్టిన రేడియో

మొన్న పెద్దపల్లిలో ఒక పెళ్లికి పోతే మా తమ్ముడి కోడలు నా పక్కకు కుర్చీ లాక్కుని కూర్చుంది. హైదరాబాద్‌లో ఏదో కంప్యూటర్ కంపెనీలో చేస్తుంది. వాళ్ల ఆఫీసులో వారానికోసారి అందర్నీ కూర్చోబెట్టి ఆధ్యాత్మికత గురించీ, మనిషిగా ఎదగడం గురించీ, కష్టాలు దాటడం గురించీ మాట్లాడిస్తారట. “పెద్దమామా, మీరు బాయిల కౌన్సిలింగ్ చేసెటోళ్లట గద. ఏం చెప్పెటోళ్లు? మాక్గూడ జర చెప్పరాదుండ్రి” అంది. నేను అప్పుడే జిలేబి నోట్లో పెట్టుకున్నాను. అది అయిపోయేదాకా నమిలాను. ఇంకోటి పెట్టుకుని అదీ నమిలాను. ఆ పిల్ల కదలదే! చివరికి “తర్వాత చెప్త బిడ్డా” అని తప్పించుకున్నాను.

ఇప్పుడు చెప్తున్నాను. ఆ పిల్లకూ, ఆ పిల్ల వయసులో ఉద్యోగాలు చేసుకుంటున్న వాళ్లందరికీ. అయితే ముందే ఒక మాట. ఇందులో ఎవరు ఎదిగారో, ఎవరు ఎవరికి బోధించారో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. రాస్తూ పోతే తెలుస్తుందేమోనని ఆశ.

నేను శ్రీరాంపూర్ వైపు ఒక బొగ్గు గనిలో ఓవర్‌మన్‌గా చేశాను. మా దగ్గర గనిని బాయి అంటారు. షిఫ్టులో మనుషుల్ని ఎక్కడెక్కడ పనిలో పెట్టాలో చూసుకుని, దిగిన వాళ్లందర్నీ మళ్లీ పైకి తీసుకురావడం ఓవర్‌మన్ పని. రిటైర్మెంట్ దగ్గర పడుతుండగా నా మోకాళ్లు మొండికేశాయి. పైన ఏదైనా తేలిక పని ఇవ్వమని అడిగితే మేనేజర్ నన్ను ఎగాదిగా చూసి, “నీకు నోరుంది గదయ్యా, కౌన్సిలింగ్ చెయ్” అన్నాడు. డ్యూటీకి రాకుండా నాగాలు పెట్టేవాళ్లను కూర్చోబెట్టి, మంచీ చెడ్డా మాట్లాడి, మళ్లీ దారిలో పెట్టాలి. టోపీ లైట్లు ఇచ్చే ల్యాంప్ రూం వెనకాల ఒక గది, రెండు కుర్చీలు, కిర్రుమనే ఒక ఫ్యాను ఇచ్చారు. మా ఇంటావిడ విని పడీ పడీ నవ్వింది. “ఇంట్ల అడిగినదానికి పలుకడు. బాయికాడ ముచ్చట్లు చెప్పి జీతం తీస్కుంటడట!” అంది.

ఆ రోజుల్లోనే మా యాజమాన్యం హైదరాబాద్ నుంచి ఒక సారును పిలిపించింది. తెల్లటి లాల్చీ, చెంపకు అంటుకున్న మైకు, మెత్తటి గొంతు. కమ్యూనిటీ హాల్లో కార్మికులందరికీ క్లాసు. ఒత్తిడి, మనశ్శాంతి, అంతరంగం అని చాలాసేపు చెప్పాడు. పని చేస్తూనే ధ్యానం చెయ్యొచ్చన్నాడు. వెనక బెంచీ నుంచి ఒకడు లేచి, “సారూ, బాయిల కండ్లు మూసుకుంటే నిద్రవోయిండని చార్జిషీటు ఇస్తరు గద!” అన్నాడు. హాలంతా గొల్లున నవ్వింది. సారు కూడా నవ్వి, కళ్లు మూసుకోనక్కర్లేదు, నోరు మూసుకుంటే చాలన్నాడు. పనిలో ఉన్నంతసేపు మౌనంగా ఉండి చూడండి, లోపల ఎంత చల్లగా ఉంటుందో మీకే తెలుస్తుందన్నాడు. చాయ్ తాగి సమోసా తినేసరికి ఆ మాట మేమంతా మర్చిపోయాం. ఒక్కడు తప్ప. ఆ ఒక్కడూ మా బాయి మొత్తంలో అందరికన్నా ముందు మర్చిపోవాల్సినవాడు.

అతన్ని అందరూ రేడియో అనేవాళ్లు. పైకప్పు కూలకుండా ఆసరాలు బిగించే పని. టోపీకి లైటు తగిలించుకున్నప్పుడు నోరు తెరిస్తే, షిఫ్టు అయిపోయి లైటు తిరిగి అప్పగించేదాకా మూసేవాడు కాదు. పెళ్లాం వండిన కూర, బస్ కండక్టరుతో తగాదా, సగం సగం పాటలు, మేనేజర్ వంశానికి దీవెనలు. అన్నీ వచ్చేవి. లోపల ఒక్కో చోట ఇద్దరిద్దరు కలిసి పని చేస్తారు. అతని జోడీ అతనికి పూర్తిగా తిరగేసిన మనిషి. షిఫ్టంతా కలిపి నాలుగు మాటలు మాట్లాడితే గొప్ప. అందులోనూ సగం, “నోరు మూస్తవా లేదా రా? చెవులు వగులుతున్నయ్” అన్నదే. దిగే ముందు రేడియో మైసమ్మ గద్దె దగ్గర గంట ధనధనా కొట్టేవాడు. జోడీది మిషన్ చర్చికి పోయే కుటుంబం. అతను కాస్త దూరంగా నిలబడి, కళ్లు మూసుకుని, పెదాలు మాత్రం కదిపేవాడు. తర్వాత ఇద్దరూ కలిసి దిగేవాళ్లు. అలా ఏళ్ల తరబడి.

క్లాసు అయిన మర్నాటి నుంచి రేడియో బంద్ అయింది. లైటు తగిలించుకుంటే మౌనం. లైటు ఇచ్చేశాక మామూలే, ఇంటి దగ్గర మాట్లాడతాడు. షిఫ్టు అధికారికి ముందే చెప్పి పెట్టాడు: “ప్రమాదం కనవడితె ఒర్రుత సారు. గంతవరకే.” ప్రమాదమైతే అరుస్తానన్నాడు కాబట్టి రూలు ప్రకారం ఎవరూ తప్పు పట్టడానికి లేదు. మొదట్లో మౌని బాబా అని ఏడిపించారు. కాళ్లు మొక్కినట్టు నటించారు. అతను నవ్వి ఊరుకునేవాడు. కొన్నాళ్లకు ఒక వింత జరిగింది. ఎవరూ చెప్పకుండానే తాగుడు మానేశాడు. అతని భార్య సర్వపిండి డబ్బా పట్టుకుని నా గదికి వచ్చింది. “అన్నా, ఆ క్లాసు చెప్పిన సారు కాళ్లు మొక్కాలె. ఇన్నేండ్లు మా ఇంటికి సీస వచ్చేది, గిప్పుడు మనిషి వస్తుండు” అని కళ్లు తుడుచుకుంది. నాకు చాలా గర్వంగా అనిపించింది. అందులో నేను చేసిందేమీ లేకపోయినా పైవాళ్ల దగ్గర చెప్పుకున్నాను.

సరిగ్గా అప్పుడే జోడీ నాగాలు మొదలుపెట్టాడు.

ఆ రెంటికీ సంబంధం ఉందని నాకు తట్టనే లేదు. జ్వరమొస్తే తప్ప నాగా పెట్టని మనిషి. ముందు అప్పుడప్పుడు మానేశాడు, తర్వాత పూర్తిగా. చార్జిషీటు వచ్చింది. చివరికి మేనేజర్ పిలిచి తేల్చి చెప్పేశాడు. వచ్చే సోమవారం మొదటి షిఫ్టుకు దిగాలి, దిగకపోతే ఉద్యోగం తీసేస్తారు. ఇద్దరు పిల్లలు కాలేజీలో ఉన్నారు. ఇంట్లో ఇంకో సంపాదన లేదు. “ఆ వారం రోజులు వీణ్ని నువ్వే చూస్కో” అని జోడీని నా చేతిలో పెట్టాడు.

కూర్చోబెట్టాను. ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నాడు. తాగుతావా అంటే ఎప్పుడూ ముట్టలేదన్నాడు. ఇంట్లో గొడవలా అంటే లేవన్నాడు. ఒంట్లో బాగుండటం లేదా అంటే మంచిగున్న అన్నాడు.

“మరి ఎందుకు దిగుతలేవు తమ్మీ?”

“మనసు వొప్పుతలేదు సారు.”

సరే, మనసు కదా, మందు మా దగ్గరుంది అనుకున్నాను. క్లాసులో నేర్పినట్టు గాలి లోపలికి తీసుకోమన్నాను, తీసుకున్నాడు. మెల్లగా వదలమన్నాను, వదిలాడు. బడిపిల్లవాడిలా చెప్పినట్టల్లా చేసి, “అయిపోయిందా సారు, వోవాల్నా?” అన్నాడు. హైదరాబాద్ సారుకు ఫోన్ చేశాను. “అతన్ని తన భయంతో స్నేహం చెయ్యమనండి” అన్నాడాయన. అదే మాట జోడీకి చెప్తే మొదటిసారి నా మొహంలోకి చూశాడు. “ఉన్న దోస్తుతోటే సస్తున్న సారు, ఇంగ గిదొకటా!” అన్నాడు. ఆ మాట దగ్గర ఆగి అడగాల్సింది. నేను నా పాఠంలోని తర్వాతి అంశానికి పోయాను.

వేరే చోట పని ఇప్పిస్తానన్నాను, వేరే జోడీని చూస్తానన్నాను. “వేరేటోనితోటి దిగనంటె దిగ” అన్నాడు. పోనీ రేడియోతోనే దిగు మరి అంటే తలొంచుకున్నాడు. వాళ్ల పాస్టరు గారు కూడా నా గదికి వచ్చారు. “దేవుడు తోడున్నాడు, ధైర్యంగా వెళ్లమన్నానండీ. 'దేవుడున్నడయ్యగారూ, దాని గురించి గాదు' అంటాడు. మరి దేని గురించో చెప్పడు” అన్నారు. నలుగురికీ ధైర్యం చెప్పే ఉద్యోగం ఇద్దరిదీ. ఎదురెదురుగా కూర్చుని ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ చాయ్ తాగి లేచాం.

మర్నాడు జోడీ భార్య వచ్చింది. మనిషి నిప్పులు కక్కుతోంది. “సారూ, మీరు చార్జిషీట్లు ఎట్లిస్తరు? మనిషి దినాం డ్యూటీకి వోతుండు గద! పొద్దుగాల టిఫిన్ కట్టిస్తున్న, షిఫ్టు అయినంక కాలి డబ్బ తెస్తుండు. మా ఆయిన ఆడికచ్చి పని చేస్తుంటె మీరు నాగా అని రాసుకుంటున్నరా?” అంది. నాకు మతి పోయింది. ఆవిడ అబద్ధం చెప్పడం లేదు, హాజరు లెక్కలూ అబద్ధం చెప్పవు. మరి ఈ మనిషి రోజూ ఎక్కడికి పోతున్నట్టు?

తర్వాతి రోజు తెల్లవారుతుండగానే గదికి వచ్చి కిటికీ దగ్గర కూర్చున్నాను. మొదటి షిఫ్టు వాళ్లంతా దిగారు, రేడియో కూడా దిగాడు. అప్పుడు కనిపించాడు జోడీ. సైకిల్ స్టాండ్ వెనకాల, చాయ్ హోటల్ గోడ పక్కన ఒక రాయి మీద కూర్చున్నాడు. పక్కన టిఫిన్ డబ్బా. చూపు బాయి మూతి మీదే. ఫోను చూడలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. మధ్యలో డబ్బా విప్పి తిన్నాడు, అదీ బాయి మూతి వైపు చూస్తూనే. షిఫ్టు దిగినవాళ్లు మసిమొహాలతో పైకి రావడం మొదలైంది. వాళ్లలో రేడియో కనపడగానే జోడీ లేచి, ప్యాంటు దులుపుకుని, ఇంటిదారి పట్టాడు. రేడియో అతన్ని చూడనే లేదు.

ఆ మర్నాడు నేనే కుంటుకుంటూ పోయి ఆ రాయి పక్కన కూలబడ్డాను.

“ఏందిరా ఇది?”

బాయి మూతి మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు. “వాడు దిగిండు గద సారు. ఎక్కెదాక చూడాలె గద.”

“నువ్వు ఈడ కూసుంటె వాడు ఎక్కుతడారా? అంత పావురముంటె, గంత ప్రేముంటె వానితోటి దిగరాదు?”

“దిగచ్చు గని, వాడు మాట్లాడుతలేడు సారు.”

నాకేమీ అర్థం కాలేదు. నా మొహం చూసి అతనే చెప్పుకొచ్చాడు. “రేడియోగాని కన్న ముందు నాకింకో జోడీ ఉండె. వేరే బాయిల. ఆయిన గూడ ముచ్చట్లోడే. ఓనాడు నేను అటుమొకాన పని చేస్తున్న, ఆయిన ఎనుక ఉన్నడు. అవుతల మిషిని నడుస్తుంది. 'మా మేక ఈనింది తమ్మీ, పిల్లలు' అన్నడు. గంతే, ఆగిండు. నేను చెయ్యి ఆపకుంటనే 'ఎన్ని?' అన్న. పలుకలే. మల్ల 'ఎన్నే?' అన్న.” అక్కడ ఆగి టిఫిన్ డబ్బా మూత సరి చేశాడు. “ఆయిన మీద బండ వడ్డ చప్పుడు గూడ నాకు ఇనరాలే సారు. మాట ఆగుడే ఇనచ్చింది. ఎన్ని పిల్లలో నాకిప్పటికి తెల్వది.”

ఇన్నాళ్లు ఈ మనిషికి నేను గాలి పీల్చడం నేర్పాను!

“రేడియోగాడు లొడలొడ వాగుతుంటె నోరు ముయ్యిరా అనెటోన్ని. గని వాని మాట ఇనస్తుంటేనే నా చేతులు ఆడేటియి. గిప్పుడు వాడు ఎనుక ఉన్నడో లేడో తెల్వది. ప్రమాదమైతె ఒర్రుత అంటడు. ఒర్రెటందుకు మనిషి ఉండాలె గద?”

“ఈ ముక్క వానికే చెప్పరాదురా!”

“ఎట్ల చెప్త సారు? వాడు తాగుడు బంద్ వెట్టిండు. మొన్న వాళ్లింటామె మా ఇంటికచ్చి సంబురంతోని ఏడ్సింది. నేను పొయ్యి 'నాకు భయమైతుంది, మాట్లాడురా' అంటె మాట్లాడుతడు. నా కోసం అన్నీ ఇడిసిపెడ్తడు. మల్ల సీస పడితె? ఆ ఉసురు నాకొద్దు. జోడీ మార్చుకుంటె ఎందుకు మార్చినవని అడుగుతడు, నాకు అబద్ధం చెప్పరాదు. నౌకరి వోతె పోనీ. మీరు గూడ చెప్పద్దు సారు. ఒట్టు వెయ్యిండ్రి.”

ఒట్టు వేశాను. వేశాక నేను ఏ కౌన్సిలింగ్ చెయ్యాలో, ఎవరికి చెయ్యాలో తోచలేదు. ఒకడి మౌనం ఒక ఇంటిని నిలబెట్టింది, అదే మౌనం ఇంకో ఇంటిని కూలుస్తోంది. రేడియోది ఏదో నాలుగు రోజుల ముచ్చట అయితే బాగుండునని ఆశపడి, సాయంత్రం ఊరికే పలకరించినట్టు వాళ్లింటికి పోయాను.

“మాది సిరిసిల్ల సైడు సారు” అన్నాడు రేడియో, మంచం మీద నాకు చోటు చూపిస్తూ. “బాపు బట్ట నేసే సాంచెలు నడిపెటోడు. మగ్గాల చప్పుడుల ఒర్రితెనే ఇంట్ల ఒకనిది ఒకనికి ఇనచ్చేది. అదే అలవాటు వడ్డది. ఈడికొస్తె మిషిన్లు, మీదికెల్లి నా నోరు. పుట్టిన కాన్నుంచి చప్పుడే. ఆ సారు చెప్పినట్టు ఓనాడు మూసుకుని చూసిన. ఏందో సారు, లోపట సల్లగైంది. బాపు మొకం యాదికస్తుంది. ఎన్నడు రాలే అంతకుముందు.” అంటూ కళ్లు ఒత్తుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. “జోడీగాడు సంబురపడ్తడనుకున్న సారు. ఇన్నేండ్లు నోరు మూయుమన్నడు గద! వాడేమొ నాగాలు వెట్టవట్టె. మీకేమన్న చెప్పిండా?”

నా నోట్లో ఒట్టు ఉంది. లేదని తల అడ్డంగా ఊపి వచ్చేశాను. ఇంటికి వచ్చి ఒట్టు సంగతి కూడా మర్చిపోయి మా ఆవిడకు అంతా చెప్పేశాను. ఆవిడ విని, “ఇద్దరు మంచోళ్లే గద! మరెట్ల?” అంది. అదే కదా నేనూ అనేది.

సోమవారం వచ్చింది. ఆ ఒక్క షిఫ్టుకు నేనూ దిగుతానని మేనేజర్‌ను ఒప్పించాను. నేను వెంట ఉంటే జోడీకి ధైర్యంగా ఉంటుందన్నది పైకి చెప్పిన కారణం. వేరే ఉపాయం లేదన్నది అసలు కారణం. రేడియో గంట కొట్టాడు. జోడీ కళ్లు మూసుకుని ఎప్పటికన్నా ఎక్కువసేపు నిలబడ్డాడు. నా టోపీకి కూడా లైటు చూసి రేడియో కనుబొమలెత్తాడు, జోడీని చూసి మొహమంతా వెలిగిపోయింది, భుజం మీద చరిచాడు. నోరు మాత్రం విప్పలేదు.

పని చోటుకు చేరేసరికి నా మోకాళ్లు ఏడుస్తున్నాయి. వాళ్లు మొదలుపెట్టారు. రేడియో వెనక, జోడీ ముందు. ఎక్కడో దూరంగా మిషన్ చప్పుడు, అంతే. కొంచెంసేపటికి జోడీ చేతులు సరిగ్గా ఆడటం లేదు. వెనక్కి తిరిగి చూస్తాడు, పని చేస్తాడు, మళ్లీ చూస్తాడు. చివరికి చేతిలోది కింద పెట్టేశాడు.

“నాతోని గాదు సారు. పైకి వోత.”

పైకి పోతే ఉద్యోగం ఉండదు. అతనికీ తెలుసు, నాకూ తెలుసు. క్లాసులో విన్నవి, నేను పదిమందికి చెప్పినవి ఒక్కటంటే ఒక్కటి గుర్తుకు రాలేదు. గుర్తుకొచ్చింది కోపం ఒక్కటే. “వాడు మాట్లాడకపోతె నువ్వు మాట్లాడరా! నీకు నోరు లేదా? ఇన్నేండ్లు వాడు నీకు ఒర్రలేదా?” అని గట్టిగా అరిచాను. ఇద్దరి టోపీ లైట్లూ నా మొహం మీద పడ్డాయి. ఇంట్లో పోగా మిగిలిన ఒట్టులో సగం అక్కడే పోయింది.

“ఏం మాట్లాడాలె?” అన్నాడు జోడీ బిక్కమొహంతో.

“ఏదో ఒకటి ఏడువు!”

జోడీ గోడ వైపు తిరిగాడు. గొంతు సవరించుకున్నాడు. “పొద్దుగాల మా ఇంటిది ఉప్మా చేసింది” అన్నాడు. చాలాసేపు ఆగాడు. “ఉప్పు ఎక్కువైంది.”

అంత దిక్కుమాలిన కథ నేను పుట్టి బుద్ధెరిగి వినలేదు. వెనక చీకట్లోంచి వినిపించింది. “ఊఁ.”

చిన్నప్పుడు అవ్వ కథ చెప్తుంటే మనం కొట్టే ఊఁ. జోడీ వెనక్కి తిరగలేదు. కింద పెట్టింది మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. కూతురి హాస్టల్ గురించి చెప్పాడు, ఊఁ. పాస్టరు గారి స్కూటర్ గురించి చెప్పాడు, ఊఁ. “గీ సారేమొ గాలి పీల్చుమంటడు. పుట్టిన కాన్నుంచి పీలుస్తలేనా నేను?” అన్నాడు. ఈసారి ఊఁ నవ్వుతో వచ్చింది. నేను పక్కనే ఉన్నానన్న సోయి కూడా లేదు ఇద్దరికీ. చేతులు ఆడుతున్నాయి, పని సాగుతోంది.

తర్వాతి సంగతులు ఇక్కడే చెప్పేస్తాను, చివర చెప్పాల్సింది వేరే ఉంది. జోడీ ఉద్యోగం నిలబడింది. నేను రిటైరయ్యేదాకా వాళ్లు అలాగే పని చేశారు, మాటలన్నీ జోడీవి, ఊఁ రేడియోది. మా బాయిలో అందరికన్నా తక్కువ మాట్లాడే మనిషికి గొంతు బొంగురుపోయేది. ఊఁ అంటే మౌనం చెడినట్టా కాదా అని హైదరాబాద్ సారుకు ఫోన్ చేసి అడిగాను. చాలాసేపు ఆలోచించి, “చూసి చెప్తానండీ” అన్నాడు. ఇప్పటిదాకా చెప్పలేదు. అందుకే బిడ్డా, మీ ఆఫీసులో ఏం చెప్పాలని అడిగితే నేను జిలేబి నమిలాను.

ఇక ఆ సోమవారం. షిఫ్టు సగం దాటింది. జోడీ వాళ్ల బామ్మర్ది బర్రె తప్పిపోయిన కథలో పడ్డాడు. “గా బర్రె వోయి వోయి ఇచ్చోడ ఊరు దాటి, ఆడ రోడ్డుమీద” అన్నాడు. ఆగాడు.

వెనక రేడియో పని చప్పుడు కూడా ఆగిపోయింది. అప్పుడు లేచింది ఆ గొంతు, సాంచెల మధ్య పుట్టిన గొంతు, బాయంతా మారుమోగేలా.

“అరేయ్! ఏందిరా ఆగినవ్? ఉన్నవా?”

“ఉన్నరా” అన్నాడు జోడీ. “నీళ్లు తాగుతున్న.”

“చెప్పి తాగరాదురా!” అన్నాడు రేడియో. గొంతు వణికింది. మాట్లాడే అలవాటు తప్పి వణికిందో, మరెందుకు వణికిందో, నేను అడగలేదు.